బోర్ చేయించిన బండి: మొదటి కిక్ నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా

బోర్ చేయించిన బండిని, అంటే అరిగిన సిలిండర్‌ని లోపల కోరి కొత్త పిస్టన్ వేయించిన బండిని, ఎన్ని రోజులు గంటకి 40 కిలోమీటర్లు దాటించకూడదు? ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. 40 అనే అంకె ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఇంజిన్ సెట్ కాదు. టాప్ గేర్‌లో 35 మీద వందల కిలోమీటర్లు ఒకే తీరుగా నడిపిన బండి కూడా తర్వాత ఆయిల్ తాగుతుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండర్ గోడకి సెట్ అవ్వాలంటే వాటి మీద లోడ్ పడాలి, వెంటనే తగ్గాలి, మధ్య మధ్య ఇంజిన్ చల్లారాలి. స్పీడు పరిమితి ఆ తర్వాతి సంగతి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది మన ఊళ్లలో ఇంటికొకటి కనిపించే స్ప్లెండర్ ఇంజిన్. 97.2 సీసీ, 50 మి.మీ. బోరు, 49.5 మి.మీ. స్ట్రోక్, గాలితో చల్లబడే కార్బ్యురేటర్ ఇంజిన్. ఇదే తీరు ఇంజిన్ ఉన్న సీడీ 100కీ పాత ప్యాషన్‌కీ ఇవే మెట్లు వర్తిస్తాయి. మీది వేరే బండి అయితే వరుస ఇదే, కొలతలు మాత్రం మీ బండి మాన్యువల్‌వి తీసుకోండి.

1. లేత్ షాపు నుంచి బ్లాక్ (సిలిండర్) వచ్చాక చూడాల్సినవి

పిస్టన్ ముందు కొనాలి, తర్వాతే బోర్ చేయించాలి. ఓవర్‌సైజ్ పిస్టన్లు మామూలుగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. సైజుల్లో దొరుకుతాయి. అన్నింటి మీదా సైజు ముద్ర ఉన్నా, చేతిలో ఉన్న పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, దాని తయారీదారు చెప్పిన గ్యాప్ ఉంచి బోర్ చేయడమే సరైన పద్ధతి. "0.50కి కొట్టేశాం, ఏ పిస్టనైనా పడుతుంది" అనే షాపులో పని చేయించకండి.

లోపలి గోడ అద్దంలా మెరుస్తుంటే సంతోషపడొద్దు. వెలుతురుకి పట్టి చూస్తే సన్నటి గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ కనిపించాలి. హోనింగ్ (సన్నటి రాయితో గోడని రుద్దడం) చేసిన గుర్తు అదే. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, వాటి అంచుల మీద రాసుకునే రింగు సెట్ అవుతుంది. గీతలు లేకపోతే అక్కడికక్కడే హోనింగ్ చేయించుకోండి.

రింగు గ్యాప్ కూడా కొలవాలి. రింగుని ఒంటరిగా బ్లాక్‌లో పెట్టి, పిస్టన్ తలతో ఒక అంగుళం లోపలికి సమంగా నెట్టి, దాని రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ దూర్చండి. 50 మి.మీ. బోరుకి 0.2 మి.మీ. దగ్గర ఉంటే బాగుంటుంది. కొసలు తగులుకుంటుంటే ఆ రింగు వేడికి సాగి గోడని చీల్చేస్తుంది. అర మిల్లీమీటరు దాటితే ఆ రింగు వాడొద్దు.

కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకి కొద్దిగా ఊగడం మామూలే. నిలువుగా చిన్న "టక్" వినిపించినా క్రాంక్ పని ముందు చేయించాలి. రాడ్ వదులుగా ఉన్న ఇంజిన్‌కి కొత్త పిస్టన్ వేయడం డబ్బు దండగ.

2. బ్లాక్ కడగడం: ఎక్కువమంది దాటేసే మెట్టు

హోనింగ్ రాయి నుంచి రాలిన సన్నటి పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. పెట్రోల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగితే జిడ్డు పోతుంది కానీ ఈ పొడి పోదు, గీతల్లోకి ఇంకా దిగుతుంది. తర్వాత అదే పొడి రింగుల్ని లోపలి నుంచి అరగదీస్తుంది.

కడిగే పద్ధతి ఇది:

- వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, గట్టి నైలాన్ బ్రష్ సిద్ధం చేసుకోండి.
- నురగ నల్లగా రావడం ఆగేదాకా గోడని అన్ని వైపులా తోమండి.
- మంచి నీళ్లతో కడిగి వెంటనే తుడవండి. ఇనుప లైనర్ నిమిషాల్లో తుప్పు పట్టడం మొదలవుతుంది.
- తెల్ల గుడ్డకి కొంచెం ఇంజిన్ ఆయిల్ అంటించి లోపల గట్టిగా రుద్దండి. గుడ్డ మీద బూడిద రంగు మరక వస్తే మళ్లీ మొదటి నుంచి కడగండి.
- గుడ్డ తెల్లగానే బయటికొచ్చాక గోడకి పల్చగా ఆయిల్ రాసి, గుడ్డ కప్పి పెట్టండి.

మెకానిక్ దగ్గర పని జరుగుతుంటే ఈ ఒక్క మెట్టు దగ్గర పక్కన నిలబడి చూడండి. చనువుంటే తెల్ల గుడ్డ మీరే తీసుకెళ్లండి.

ఇంకో విషయం కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఈ ఇంజిన్‌లో కార్లలో ఉండే కాగితం ఫిల్టర్ ఉండదు. క్లచ్ వైపు కవర్ లోపల గిర్రున తిరిగే రోటర్ గిన్నె ఒకటి, అడుగున జాలీ ఒకటి ఉంటాయి. ఆ గిన్నె మూత విప్పితే గోడలకి నల్లటి మడ్డి గట్టిగా పేరుకుని కనిపిస్తుంది. పాత పిస్టన్ అరిగిన లోహం కూడా అందులోనే ఉంటుంది. బోర్ చేయించి ఆ గిన్నె కడగకుండా కవర్ మూయడం తప్పు. కవర్ విప్పడానికి మెకానిక్ బద్ధకిస్తే ఆ కూలి విడిగా ఇచ్చైనా చేయించండి.

3. బిగించేటప్పుడు సరిచూసే జాబితా

- పిస్టన్ తల మీద "ఇన్" అన్న ముద్ర ఇన్‌లెట్ వైపు, అంటే కార్బ్యురేటర్ వైపు ఉండాలి.
- రింగుల మీద అక్షరం ఉన్న ముఖం పైకి ఉండాలి. పై రింగు, రెండో రింగు తారుమారు కాకూడదు.
- రింగుల గ్యాప్‌లు ఒకే వరుసలోకి రాకుండా మూడు దిక్కులకి తిప్పి పెట్టాలి.
- పిన్ లాక్‌లు కొత్తవే వేయాలి. అవి పెట్టేటప్పుడు క్రాంక్‌కేస్ నోటికి గుడ్డ అడ్డం పెట్టాలి.
- హెడ్ గాస్కెట్, బ్లాక్ గాస్కెట్, వాల్వ్ సీళ్లు కొత్తవి వేయాలి. వాల్వులు ల్యాపింగ్ చేసి (సీటు మీద రుద్ది సరిగ్గా కూర్చోబెట్టి) ఉండాలి.
- మాగ్నెట్ (ఎడమ కవర్ లోపల క్రాంక్‌తో తిరిగే చక్రం) మీద "టీ" (ఇంగ్లీషు అక్షరం T) గీత కేసు గుర్తుకి ఎదురుగా ఉన్నప్పుడు క్యామ్ స్ప్రాకెట్ మీద గుండ్రటి గుర్తు హెడ్ మీది గాటుకి ఎదురుగా రావాలి. ఒక్క పన్ను తప్పినా స్టార్టింగ్ కష్టమవుతుంది, పికప్ చచ్చిపోతుంది. తర్వాత కార్బ్యురేటర్ ఎంత తిప్పినా ఆ లోటు తీరదు.
- హెడ్ నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో బిగించాలి.

4. ఆయిల్

మొదటి ఆయిల్ మామూలు మినరల్ 10డబ్ల్యూ30 చాలు. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, బైకు ఆయిల్ గుర్తు) అని ఉండాలి. క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఖరీదైన ఫుల్ సింథటిక్ ఇప్పుడు వద్దు. రింగులు సెట్ అయ్యాక మీ ఇష్టం.

పూర్తిగా విప్పి బిగించిన ఇంజిన్‌కి 0.95 లీటరు దాకా పడుతుంది. మామూలు సర్వీసులో పట్టే ముప్పావు లీటరు పోసి వదిలేస్తే తక్కువవుతుంది. డిప్‌స్టిక్‌ని మరలో బిగించకుండా ఊరికే ఆనించి లెవెల్ చూడాలి. బండి సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉండాలి.

5. మొదటి కిక్

ఇంజిన్ పొడిగా తిరగకూడదు. తాళం ఆఫ్ చేసి, ప్లగ్ విప్పి, ప్లగ్ క్యాప్ దూరంగా పెట్టి, నింపాదిగా ముప్పై నలభై కిక్‌లు కొట్టండి. తర్వాత టాపెట్ మూత తీసి చూడండి. లోపల రాకర్ (వాల్వుని నొక్కే చేయి) మీద ఆయిల్ తడి కనిపించాలి. కనిపించకపోతే ఇంకొన్ని కిక్‌లు కొట్టండి. అప్పటికీ తడి లేకపోతే ఆయిల్ పంపు సంగతి తేల్చకుండా స్టార్ట్ చేయొద్దు.

టాపెట్లు ఒకసారి సెట్ చేసి (పద్ధతి 8వ మెట్టులో ఉంది), ప్లగ్ బిగించి స్టార్ట్ చేయండి.

స్టార్ట్ అయ్యాక చాలామంది చేసే పని, బండిని స్టాండ్ మీద అరగంట ఐడ్లింగ్‌లో వదిలేయడం. దయచేసి అలా చేయకండి. నిలబడిన బండికి గాలి తగలదు, వేడెక్కుతుంది. లోడ్ లేదు కాబట్టి రింగులు గోడకి ఆనవు. కాలిన ఆయిల్ గోడ మీద పొరలా పట్టి గీతల్ని పూడ్చేస్తుంది. ఈ ఇంజిన్ పాడయ్యేది ఎక్కువగా ఈ అరగంటలోనే.

రెండు మూడు నిమిషాలు చాలు. ఆ కాస్త సేపట్లో చూడాల్సినవి:

- హెడ్, బ్లాక్ అతుకుల దగ్గర ఆయిల్ చెమ్మ
- సైలెన్సర్ బెండు దగ్గర గాలి "చుప్ చుప్" అనడం
- లోపల ఇనుము ఇనుముకి కొట్టుకుంటున్న శబ్దం

అంతా బాగుంటే ఆపేసి, ఫిన్‌ల మీద అరచెయ్యి ఆనించగలిగేంత వరకు చల్లారనివ్వండి. ఇలా రెండుసార్లు చేశాక రోడ్డెక్కండి. మొదట్లో సైలెన్సర్ నుంచి వచ్చే కొంచెం పొగ బిగించేటప్పుడు రాసిన ఆయిల్‌ది, కంగారు పడక్కర్లేదు.

6. మొదటి 50 కిలోమీటర్లు

మొత్తం పనిలో విలువైన భాగం ఇదే. పిస్టన్ మీద మండే గ్యాస్ రింగు వెనక్కి దూరి దాన్ని గోడకి నొక్కుతుంది. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడే ఆ ఒత్తిడి ఉంటుంది. హోనింగ్ గీతల అంచులు పదునుగా ఉండేది కూడా ఈ మొదటి కొద్ది గంటలే. ఆ పదును ఉన్నప్పుడే రింగు దాని మీద రాసుకోవాలి.

పొద్దున్నే, ఎండెక్కకముందు, సిగ్నళ్లు లేని రోడ్డు ఎంచుకోండి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. వెనక ఎవరూ కూర్చోకూడదు.

నడిపే తీరు:

1. ఐదు కిలోమీటర్లు మెల్లగా నడిపి ఇంజిన్‌ని వేడెక్కించండి.
2. మూడో గేర్‌లో 25 నుంచి సగం యాక్సిలరేటర్‌తో 40 దాకా లాగండి. మెలితిప్పినట్టు కాకుండా సాఫీగా ఇవ్వండి.
3. 40 రాగానే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయండి. క్లచ్ నొక్కొద్దు, బ్రేక్ వేయొద్దు. గేర్‌లోనే 25కి పడనివ్వండి. ఈ సమయంలో సిలిండర్‌లో ఏర్పడే వాక్యూమ్ ఆయిల్‌ని గోడ మీదికి లాగి రింగుల్ని చల్లబరుస్తుంది, అరుగుడు పొడిని కడుగుతుంది.
4. ఇలా ఎనిమిది, పదిసార్లు చేయండి. తర్వాత రెండు కిలోమీటర్లు తేలిగ్గా నడపండి.
5. 15 కిలోమీటర్లు అవగానే ఆపేసి పూర్తిగా చల్లారనివ్వండి. ఇంటి దగ్గరైతే టీ తాగి, టిఫిన్ చేసి రండి. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టండి.

ఇలా మూడు విడతల్లో దాదాపు 50 కిలోమీటర్లు పూర్తవుతాయి. ఆయిల్ వేడిగా ఉండగానే దించేయండి. దించిన ఆయిల్‌ని ఎండలో చూస్తే వెండి పొడి కలిపినట్టు మెరుస్తుంది. అది రింగులూ గోడా రాసుకున్న పొడి, మామూలే. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగిలే ముక్కలు, రేకుల్లాంటివి కనిపిస్తే మాత్రం ఇంజిన్ తెరవాల్సిందే. "ఇంత కొత్త ఆయిల్ పారబోయడమా" అనిపిస్తుంది. పారబోయండి. ఒక లీటరు ఆయిల్ ధర మళ్లీ బోర్ చేయించే ఖర్చులో ఒక మూలకి కూడా రాదు.

హెడ్ నట్లు ఒకసారి పరీక్షించాల్సిందీ ఇక్కడే. ఇంజిన్ రాత్రంతా చల్లారాక, మాన్యువల్‌లోని టార్క్‌కే చూడండి. నట్లు కదిలితే టాపెట్ గ్యాప్ మారుతుంది కాబట్టి అది కూడా మళ్లీ చూడాలి.

7. 50 నుంచి 1000 కిలోమీటర్లు

- 50–300: 45 దాటొద్దు. ఒకే స్పీడులో రెండు మూడు నిమిషాలకి మించి ఉండొద్దు. 20 కిలోమీటర్లకోసారి విశ్రాంతి.
- 300: ఆయిల్ మార్పు.
- 300–600: 55 దాకా. తేలికపాటి మనిషిని వెనక ఎక్కించుకోవచ్చు.
- 600–1000: 60–65 దాకా, అప్పుడప్పుడు కొద్ది సెకన్లు ఇంకొంచెం.
- 1000: ఆయిల్ మార్పు, రోటర్ గిన్నె కడగడం, టాపెట్లు.

స్పీడు కంటే గేరు ముఖ్యం. టాప్‌లో 25 మీద గుడగుడమంటూ లాగించడం 50లో పోవడం కంటే చెడ్డది. ఇంజిన్ ఇబ్బంది పడుతున్న శబ్దం వస్తే గేరు దించండి. పాల క్యాన్లు, గ్యాస్ సిలిండర్, ధాన్యం బస్తా ఈ నెల రోజులు వేరే బండి మీద పంపండి. అరకు, శ్రీశైలం లాంటి ఘాట్ రోడ్లు వెయ్యి దాటాకే.

8. ట్యూనింగ్

మొదటి 50 కిలోమీటర్ల ఆయిల్ మార్చాక ఒకసారి, 1000 దగ్గర ఇంకోసారి. వరుస తప్పకూడదు: టాపెట్లు, గాలి లీకులు, కార్బ్యురేటర్, చివర్లో ప్లగ్. చాలాచోట్ల స్క్రూడ్రైవర్ తీసుకుని నేరుగా కార్బ్యురేటర్ మీద పడతారు. టాపెట్ బిగిసి ఉన్న బండికి ఎయిర్ స్క్రూ ఎక్కడ పెట్టినా ఐడ్లింగ్ నిలవదు.

8.1 టాపెట్లు

పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చేయాలి. ఎడమ కవర్ మీది రెండు మూతలు తీసి, క్రాంక్‌ని గడియారానికి ఎదురు దిశలో తిప్పుతూ "టీ" గీతని గుర్తుకి తేవాలి. అప్పుడు రెండు రాకర్లూ వేలితో కదిపితే కొంచెం ఆడాలి. ఒకటి బిగిసి ఉంటే అది కంప్రెషన్ స్ట్రోక్ కాదు, ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

ఈ తరహా ఇంజిన్లలో టాపెట్ గ్యాప్ (రాకర్ స్క్రూకీ వాల్వ్ కొసకీ మధ్య ఖాళీ) మోడల్‌ని బట్టి 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉంటుంది. మీ మోడల్‌ది మాన్యువల్‌లో చూడండి. ఫీలర్ గేజ్ కొద్దిగా పట్టు తగులుతూ జారాలి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది కాబట్టి బిగించాక మళ్లీ గేజ్ దూర్చి చూడండి.

శబ్దం పూర్తిగా పోవాలని టాపెట్లు బిగించమని మెకానిక్‌ని అడగొద్దు. బిగిసిన ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది.

8.2 గాలి లీకులు

ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు కార్బ్యురేటర్‌కీ హెడ్‌కీ మధ్య అతుకుల మీద కొంచెం నీళ్లు చిమ్మండి. ప్లగ్ వైపు పడనివ్వొద్దు. ఇంజిన్ శబ్దం మారితే అక్కడ గాలి పీలుస్తోందని అర్థం. ఓ-రింగ్ మార్చండి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా, సరిగ్గా కూర్చుని ఉండాలి.

8.3 కార్బ్యురేటర్

ముందుగా మీ స్క్రూ ఏ రకమో చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేస్తుంది: లోపలికి తిప్పితే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే మిశ్రమాన్ని అదుపు చేస్తుంది: లోపలికి తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది. ఈ తేడా తెలియక తిప్పేవాళ్లే ఎక్కువ.

1. పది నిమిషాలు నడిపి ఇంజిన్ వేడి చేయండి.
2. స్క్రూని మెల్లగా చివరిదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయండి. గట్టిగా బిగిస్తే మొన విరుగుతుంది.
3. పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ప్రతిసారీ పది సెకన్లు ఆగి, ఇంజిన్ అన్నిటికంటే వేగంగా, నిలకడగా తిరిగే చోటు పట్టుకోండి.
4. ఐడ్లింగ్ స్క్రూతో 1400 ఆర్‌పీఎం దగ్గరికి దించండి. ప్లగ్ వైరుకి చుట్టే చిన్న డిజిటల్ మీటర్ ఉంటే పని తేలిక.
5. ఒక్కసారి రేజ్ చేసి వదలండి. ఇంజిన్ వెంటనే ఐడ్లింగ్‌కి వచ్చి నిలబడాలి. పైనే వేలాడి ఆలస్యంగా దిగితే పెట్రోల్ తక్కువ. మామూలు కంటే కిందికి పడి మళ్లీ లేస్తే పెట్రోల్ ఎక్కువ.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బ్యురేటర్‌కి మిశ్రమం కొంచెం పల్చబడుతుంది. కొత్త బోరుకి అది అదనపు వేడి. అనుమానంగా ఉంటే పెట్రోల్ వైపే ఎనిమిదో వంతు చుట్టు ఎక్కువ ఉంచండి. మైలేజ్ లెక్కలు వెయ్యి దాటాక చూసుకోవచ్చు.

8.4 ప్లగ్

7వ మెట్టులోని స్పీడు పరిమితి దాటకుండా నాలుగు కిలోమీటర్లు నడిపి, ఇంజిన్ ఆపి, చల్లారాక ప్లగ్ తీసి చూడండి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే బాగుంది. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ, స్పీడు తగ్గించి 8.2 నుంచి మళ్లీ చూడండి. పొడి మసి అయితే పెట్రోల్ ఎక్కువ. తడి నలుపు అయితే ఆయిల్ పైకి వస్తోంది.

9. తేడా చేస్తే

నడుస్తూ ఒక్కసారిగా బలం తగ్గితే: పిస్టన్ పట్టేస్తోంది. యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ నొక్కి పక్కకి తీయండి. నీళ్లు పోయొద్దు. గంటసేపు చల్లారాక కిక్ మెల్లగా చేత్తో నొక్కి చూడండి. తిరిగినా బండి నడపకుండా షాపుకి తెచ్చి బ్లాక్ విప్పి చూడాలి.

పొద్దున స్టార్ట్ చేయగానే ఒక దమ్ము పొగ, తర్వాత లేదు: వాల్వ్ సీళ్లు. బోరుతో సంబంధం లేదు.

యాక్సిలరేటర్ ఇస్తున్నంతసేపు నీలం పొగ: రింగులు. 500 కిలోమీటర్ల దాకా తగ్గుతూ వస్తుందేమో చూడండి. తగ్గకపోతే కంప్రెషన్ కొలవండి. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె బాగా పెరిగిందంటే రింగులు పట్టలేదని ఖాయం. మళ్లీ బోర్ అక్కర్లేదు. గోడ పాడవకపోతే తేలికపాటి హోనింగ్, కొత్త రింగులు సరిపోతాయి. కొత్త రింగులతో గ్యాప్ మళ్లీ కొలిచి, 2వ మెట్టు నుంచి అంతా మొదలుపెట్టాలి.

బ్రీదర్ పైపు (క్రాంక్‌కేస్ గాలి బయటికి పోయే పైపు) నుంచి ఆవిరిలా గాలి కొడుతుంటే: ఇదీ రింగుల సూచనే. పైపు కొసకి పల్చటి పాలిథిన్ సంచి వదులుగా పట్టి ప్రతి వంద కిలోమీటర్లకి చూడండి. ఉబ్బే వేగం తగ్గుతూ ఉంటే రింగులు సెట్ అవుతున్నట్టే.

10. వేరే బండ్లు ఉన్నవాళ్లకి

ఆర్ఎక్స్ 100 లాంటి టూ-స్ట్రోక్ బండ్లకి ఈ పద్ధతి నేరుగా వాడొద్దు. వాటిలో యాక్సిలరేటర్ మూస్తే పెట్రోల్‌తో పాటు వెళ్లే ఆయిల్ కూడా తగ్గిపోతుంది. 6వ మెట్టులో చెప్పినట్టు గేర్‌లో వదిలేయడం ఇక్కడ ప్రమాదం. దిగుడులో క్లచ్ నొక్కి ఉంచండి, మొదటి ట్యాంకుకి 2టీ ఆయిల్ కొంచెం ఎక్కువ కలపండి.

2020 నుంచి వచ్చిన బీఎస్6 స్ప్లెండర్‌లో కార్బ్యురేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. వాటికి 8.3 వర్తించదు. టాపెట్లు సెట్ చేసి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాక కూడా ఐడ్లింగ్ ఆడుతుంటే సెన్సార్లు స్కానర్‌తో చూపించాలి. స్క్రూలు తిప్పే మనిషికి ఆ బండి అప్పగించొద్దు.